బడిలో పంచసూత్రాలు

(వార్షిక మహాసభలో మండల సమాఖ్య పాలకవర్గం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి లెక్కలు విన్నాం. ఆడిట్ రిపోర్టు చదివారు, పొదుపు చదివారు, బ్యాంకు లింకేజీ చదివారు, బకాయిలూ చదివారు. భోజనాలకు ముందు ఒక అరగంట మన పిల్లల గురించి మాట్లాడుకుందామని పాలకవర్గం అనుకుంది. అప్పుల మీటింగులో పిల్లల మంచీచెడ్డా ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. జవాబు మన దరఖాస్తుల్లోనే ఉంది. సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు గేదెకు, కుట్టుమిషనుకు, చిల్లర కొట్టుకు అని ఎన్ని రాసినా, "ఎందుకమ్మా ఇంత కష్టం?" అని అడిగితే ఏ అక్క అయినా "పిల్లల కోసం" అనే అంటుంది. మరి ఎవరి కోసం అప్పు చేస్తున్నామో వాళ్ళు ఎలా తయారవుతున్నారో చూసుకోవడం కూడా లెక్క చూసుకోవడమే.

ఈ ఏడాది సంఘ సమావేశాల్లో ఒక ప్రశ్న పెట్టాం. "మీ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉండాలి?" అని. ముందు అందరూ ఉద్యోగం అన్నారు. కాసేపు ఆగాక అసలు మాటలు వచ్చాయి. "తాగకుండా ఉంటే చాలు" అని ఒక అక్క. "పెళ్ళాం మీద చెయ్యి ఎత్తకూడదు" అని ఇంకో అక్క. "ముసలితనంలో ముద్ద పెట్టకపోయినా పర్లేదు, మాట మంచిగా మాట్లాడాలి" అని ఒక పెద్దమ్మ. మార్కుల గురించి ఎవరూ అనలేదు. అంటే పిల్లల నుంచి మనకు చివరికి కావలసింది గుణమే.

ఆ తర్వాత రెండో ప్రశ్న పెట్టాం. "ఆ గుణం ఎవరు నేర్పాలి?" అని. "బడిలో ఇప్పుడు నీతి చెప్పడం లేదండీ, మా రోజుల్లో చెప్పేవాళ్ళు" అన్నారు తల్లులు. బడికి వెళ్ళి అడిగితే, "ఇంట్లో ఏమీ నేర్పడం లేదమ్మా, మేం ఎంతని చెప్తాం" అన్నారు అయ్యవార్లు. ఇల్లు బడి వైపు చూస్తోంది, బడి ఇంటి వైపు చూస్తోంది. మధ్యలో పిల్లవాడు ఫోను వైపు చూస్తున్నాడు.

చెప్పడం తక్కువైందా?

నిజంగా బడిలో చెప్పడం లేదా అని మేము కొన్ని బడులకు వెళ్ళి చూశాం. చెప్తున్నారు. రోజూ ప్రార్థనలో పిల్లలు చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తున్నారు. దేశంలో ఎన్నో భాషల్లో పిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞ పుట్టింది మన తెలుగులోనే అని మీలో ఎంతమందికి తెలుసు? నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామానికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ దాన్ని రాశారు. తల్లిదండ్రుల్ని, గురువుల్ని, పెద్దల్ని గౌరవించాలనీ, జంతువుల పట్ల దయ చూపాలనీ అందులో ఉంది. ఒక ప్రభుత్వ ఉద్యోగి తన పని తాను చేసుకుంటూ రాసిన నాలుగు మంచి మాటలు ఇన్ని తరాల నోట నానాయంటే అది మనకు గర్వం.

వాచకంలో శతక పద్యాలున్నాయి. పుస్తకం అట్ట తిప్పితే రాజ్యాంగ పీఠిక ఉంది. గోడల మీద మంచి మాటలు రాసి ఉన్నాయి. కాబట్టి చెప్పడం తక్కువ కాలేదు. పిల్లలకు అవి కంఠతా వచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడు అబద్ధం ఆడకూడదనే పద్యం గడగడా అప్పచెప్పి, హోంవర్కు పుస్తకం ఇంట్లో మర్చిపోయానని అదే నోటితో చెప్తున్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని మనం ఊరికే అంటామా!

మరి లోటు ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం మేము ఎక్కడెక్కడో వెతకలేదు. మన సంఘాలనే చూసుకున్నాం.

మనకు ఎవరు నేర్పారు?

సంఘాలు పెట్టిన కొత్తలో మనం ఎలా ఉండేవాళ్ళం? పదిమంది కూర్చుంటే పది అనుమానాలు. పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దానికే రెండు వారాలు పట్టిన సంఘాలున్నాయి. రోజుకో రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయలు కట్టడానికి భయపడ్డ వాళ్ళమే ఇవాళ లక్షల్లో బ్యాంకు అప్పు తెచ్చి, పైసా తేడా లేకుండా కడుతున్నాం. ఆ నిజాయితీ మనకు ఏ ఉపన్యాసం వింటే వచ్చింది? ఎవరు నీతి శతకం చదివి వినిపించారు?

మనకు వచ్చింది పంచసూత్రాల వల్ల. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ అయిదింటిలో "మంచిగా ఉండండి" అన్న మాట ఒక్కటీ లేదు. కానీ ఈ అయిదూ వదలకుండా చేస్తూ పోతే మనిషి మంచిగా ఉండక తప్పదు. లెక్క అందరి ముందు పైకి చదవాలి కాబట్టి దాచుకునే దారి లేదు. లీడరు ఆలస్యంగా వచ్చినా జరిమానా కట్టాలి కాబట్టి ఎక్కువ తక్కువలు లేవు. పక్క అక్క వాయిదా తప్పితే మనకూ అప్పు రాదు కాబట్టి ఆమె కష్టం మన కష్టమైంది. వారం వారం చేసింది అలవాటైంది, అలవాటే గుణమైంది.

పిల్లలకైనా అంతే. గుణం చెవిలో పోస్తే వచ్చేది కాదు, చేతికి పని చెప్తే వచ్చేది. అందుకే ఈ పంచసూత్రాలనే బడికి పట్టుకెళ్దాం అంటున్నాం.

అయిదు సూత్రాలు, బడి భాషలో

మొదటిది సమావేశం. పిల్లలకూ వారానికి ఒకసారి కూర్చునే సభ ఉండాలి. అందులో అయ్యవారు ఒక మూల కూర్చుని వినాలి, పిల్లలు మాట్లాడాలి. తరగతిలో ఎవరిని ఎవరు ఏడిపించారు, నీళ్ళ కుళాయి దగ్గర తోపులాట ఎందుకు, ఆటల పీరియడులో బంతి ఎప్పుడూ పెద్ద పిల్లలకేనా, ఇలాంటివి వాళ్ళే చెప్పుకుని వాళ్ళే తీర్మానం చేసుకోవాలి. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఆగడం, నచ్చని మాటను గొడవ లేకుండా కాదనడం, పదిమంది ఒప్పుకున్నదానికి కట్టుబడటం ఇక్కడే వస్తాయి. మనకు మైకు పట్టుకునే ధైర్యం ఎక్కడ వచ్చిందో గుర్తు తెచ్చుకోండి.

రెండోది పొదుపు. పొదుపంటే డబ్బే కాదు, రోజూ కొంచెం కొంచెం వేయడం. మొక్కకు నీళ్ళు, తరగతి శుభ్రం, గ్రంథాలయ పుస్తకాల సర్దుబాటు, మంచినీళ్ళ బిందె మీద మూత. వంతుల పట్టిక గోడ మీద ఉండాలి. ఆ పట్టికలో కులం చూడకూడదు, ఆడా మగా చూడకూడదు, తెలివైనవాళ్ళు మొద్దువాళ్ళు అని చూడకూడదు. చాలా బడుల్లో ఊడ్చేదీ ముగ్గు వేసేదీ ఆడపిల్లలు, గంట కొట్టేదీ బయటికి వెళ్ళి పనులు చేసుకొచ్చేదీ మగపిల్లలు. వద్దు. మగపిల్లవాడు చీపురు పట్టుకుంటే చెయ్యి అరగదు. ఆడపిల్ల గంట కొడితే గంట మోగకపోదు. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడిచిపెట్టడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో రాసుకున్నాం. ఆ మాట పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఉన్నంతకాలం కాగితం మీదే ఉంటుంది, చీపురు వంతుల్లోకి వచ్చిన రోజున ఒంటికి పడుతుంది.

మూడోది అంతర్గత అప్పు. మన దగ్గరున్నది మనలోనే అవసరమున్నవాళ్ళకి ఇవ్వడం. లెక్కలు వచ్చిన పిల్ల రాని పిల్లకు చెప్పాలి. బాగా బొమ్మలేసేవాడు రానివాడికి చూపించాలి. ర్యాంకుల కోసం ఒకరి నోటుపుస్తకం ఒకరికి చూపించకుండా దాచుకునే అలవాటు చిన్నప్పుడే పడితే, రేపు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకోవడం దాకా అదే పోతుంది.

నాలుగోది వాయిదా చెల్లింపు. తీసుకున్నది తిరిగి ఇవ్వడం, చెప్పిన మాట చెప్పిన రోజున నిలబెట్టుకోవడం. తప్పు చేస్తే దెబ్బలు తినడం చెల్లింపు కాదు. పక్కవాడి పలక పగలగొట్టిన పిల్లవాడిని నాలుగు దెబ్బలు కొడితే, "దెబ్బలు తిన్నాను, బాకీ తీరింది" అనుకుంటాడు. పలక పోయినవాడికి పలక రాలేదు, పగలగొట్టినవాడికి బుద్ధి రాలేదు. వాడు పలక బాగుచేయించాలి, లేదా తన పలక ఇవ్వాలి, క్షమించమని అడగాలి. అది చెల్లింపు.

అయిదోది పుస్తకం రాయడం. అంటే నిజం చెప్పడం. మన మినిట్స్ పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాస్తాం, కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెడతాం. పిల్లవాడు తప్పు చేసి నిజం చెప్తే తన్నులు, అబద్ధం చెప్తే తప్పించుకోవడం అయితే ఏది నేర్చుకుంటాడు? నిజానికి తన్నులు పడే చోట నిజం పెరగదు.

ఒక ఊళ్ళో జరిగింది

ఈ నాలుగో సూత్రం, అయిదో సూత్రం ఎంత బరువైనవో చెప్పడానికి మన మండలంలో జరిగిన ఒక సంగతి చెప్తాం. ఊరి పేరు చెప్పం, బడి పేరు చెప్పం. ఆ పిల్ల పేరు మళ్ళీ ఆ డబ్బుతో కలిపి ఎవరి నోటా రాకూడదు.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఫీజు కట్టమని ఇంట్లో ఇచ్చిన 500 రూపాయలు పోయాయి. తరగతిలో ఇంకో పిల్ల ఉంది. తల్లీ తండ్రీ మిరప కోతలకు వేరే జిల్లా వెళ్ళారు, అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. అనుమానం ఆ పిల్ల మీదికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళింది అని అడగకండి, లేనివాళ్ళ మీదికే ముందు వెళ్తుంది. తరగతి అందరి ముందు ఆ పిల్ల సంచి బోర్లించారు. ఏమీ దొరకలేదు. మర్నాడు ప్రార్థనలో దొంగతనం ఎంత పాపమో పది నిమిషాలు చెప్పారు. పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు, అందరి చూపూ ఒకవైపే ఉంది. ఆ పూట నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

వారం గడిచాక అవ్వ సంఘ సమావేశానికి వచ్చింది. పొదుపు కట్టి, సంతకం పెట్టి, లేవబోతూ అంది: "పిల్ల బడికి పోనంటంది. మా వాళ్ళలో సంబంధం అడుగుతున్నారు. ఖాళీగా ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం, ఇచ్చేద్దామనుకుంటున్నాం" అని. పిల్లకు పదమూడేళ్ళు. పోయిన 500 రూపాయలకు ఆ పిల్ల బతుకు మొత్తం జమ అయ్యేలా ఉంది.

గ్రామ సంఘం నుంచి ముగ్గురు అదే రోజు అవ్వ ఇంటికి వెళ్ళారు. 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం అని చెప్పారు. బెదిరించినట్టు కాదు, మనింటి పిల్ల సంగతి మాట్లాడినట్టు. తర్వాత హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళారు. అరవలేదు. "డబ్బు ఎవరు తీశారో తేల్చడానికి మేం రాలేదు సార్. మా సంఘంలో ఎవరైనా వాయిదా కట్టకపోతే ఊరి మధ్యలో నిలబెట్టి చెప్పం. ఇంటికెళ్ళి కూర్చుని ఎందుకు కట్టలేదో అడుగుతాం. మనిషిని పోగొట్టుకుంటే అప్పు అసలే రాదు. ఈ పిల్లనూ పోగొట్టుకోవద్దు" అన్నారు. హెడ్మాస్టరు గారు విన్నారు. అది ఆయన మంచితనం.

డబ్బు పోయిన పన్నెండో రోజున దొరికింది. పోగొట్టుకున్న అమ్మాయి పుస్తకానికి వేసిన అట్ట లోపలే నోటు మడత పెట్టి ఉంది. అమ్మాయి తల్లి పాత అట్ట తీసి కొత్తది వేస్తుంటే కనబడింది. ఇప్పుడు చూడండి, ఆమె ఆ నోటు కొంగున ముడేసుకుని ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే కూతురిని వెంటబెట్టుకుని బడికి వెళ్ళి, "డబ్బు మా దగ్గరే ఉంది, ఆ పిల్ల తియ్యలేదు" అని చెప్పింది. ఆమె కూడా మన సంఘం సభ్యురాలే. ఆ కూతురు ఆ రోజు చూసిన నీతి పాఠం ఏ వాచకంలోనూ ఉండదు.

హెడ్మాస్టరు గారు మర్నాడు ప్రార్థనలో, ఏ చోట ఆ పిల్ల తల వంచుకుని నిలబడిందో అదే చోట నిలబడి, ఆ పిల్ల తప్పేమీ లేదని అందరూ వినేలా చెప్పారు. పరువు పోయిన చోటే పరువు తిరిగి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది.

ఈ సంగతి మేము పాలకవర్గ సమావేశంలో చెప్తే ఒక అక్క మంచి ప్రశ్న వేసింది. "డబ్బు దొరికింది కాబట్టి సరిపోయింది. ఒకవేళ ఆ పిల్లే తీసి ఉంటే?" అని. దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి అందరం ఒక మాట మీదికి వచ్చాం. ఆ పిల్లే తీసి ఉన్నా సంచి అందరి ముందు బోర్లించకూడదు. విడిగా పిలిచి అడగాలి. ఎందుకు తీయాల్సి వచ్చిందో వినాలి. డబ్బు తిరిగి ఇప్పించాలి, ఒకేసారి కుదరకపోతే వాయిదాల్లో. పోగొట్టుకున్న పిల్లకు క్షమాపణ చెప్పించాలి. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ అదే బెంచీ మీద కూర్చోవాలి. తప్పు చేసిన పిల్లకు తిరిగి వచ్చే దారి మూసేస్తే ఆ పిల్లకు తప్పే దారి అవుతుంది.

ఇందులో చట్టం కూడా మన వైపే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. దెబ్బ ఒంటి మీద పడితేనే దెబ్బ కాదని చట్టానికీ తెలుసు.

పళ్ళెం దగ్గర పాఠం

బడిలో రోజూ మధ్యాహ్నం ఒక పెద్ద నీతి పాఠం జరుగుతుంది. అదే భోజనం. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. మన దగ్గర 2003 నుంచి వండి పెడుతున్నారు. వండేది ఎక్కువ చోట్ల మన సంఘాల అక్కలే. ఇప్పుడు ఆ పథకానికి గోదావరి లంకల్లో ఆకలిగా వచ్చినవాళ్ళకు కులం అడక్కుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పేరుకు తగ్గట్టు ఉన్నామా?

ఒక ప్రాథమిక పాఠశాలలో వండే అక్క ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది. అయిదారుగురు పిల్లలకు ఇంటి నుంచి క్యారేజీలు వచ్చేవి. వాళ్ళు విడిగా చెట్టు కింద కూర్చుని తినేవాళ్ళు. "మావాడికి బడి అన్నం పడదు" అని తల్లులు చెప్పేవాళ్ళు. ఏది పడటం లేదో ఊళ్ళో అందరికీ తెలుసు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం ఎప్పుడో రద్దు చేసింది. వంటమనుషులను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టే చెప్పింది. అయినా అయిదేళ్ళ పిల్లవాడికి ఎవరి చేతి అన్నం తినాలో ఎవరి చేతి అన్నం తినకూడదో ఇంట్లో నేర్పి పంపితే, బడిలో సమానత్వం పాఠం ఎన్నిసార్లు చెప్పి ఏం లాభం?

గ్రామ సంఘం దీని మీద కాగితం పెట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. పాలకవర్గంలో ఉన్న అన్ని కులాల అక్కలూ ఒక శనివారం ఆ బడికి వెళ్ళి, పిల్లలతో పాటు వరుసలో కూర్చుని తిన్నారు. వాళ్ళలో క్యారేజీ తెచ్చుకునే ఒక పిల్లవాడి నాయనమ్మ కూడా ఉంది. "నాయనమ్మా, నువ్వు తింటన్నావా?" అని వాడు కళ్ళు పెద్దవి చేసుకుని అడిగాడట. "చారు బాగుందిరా, నువ్వూ రా" అందట ఆమె. సోమవారం నుంచి వాడి క్యారేజీ ఆగింది. అందరివీ ఆగాయని చెప్పం, ఇద్దరికి ఇంకా వస్తూనే ఉంది. ఆ ఇద్దరి తల్లులూ మన సంఘాల వాళ్ళే. వాళ్ళతో మాట్లాడటం మానలేదు, మానం.

చేసిన పని పాఠమైన ఊరు

పాఠం బతుకును మార్చదని మేము అనడం లేదు. మార్చిన పాఠం మన పక్కనే ఉంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడుల వాచకంలో సారా వల్ల చెడిన బతుకు గురించి సీతమ్మ కథ అనే పాఠం పెట్టారు. దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు, "ఇది సీతమ్మ కథ కాదు, మన కథే" అనుకున్నారు. 1992లో ఊళ్ళోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళు చేసిన పని తర్వాత వాచకంలో పాఠమైంది, ఆ పాఠం చదివి ఇంకా ఎన్నో ఊళ్ళు లేచాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ జిల్లాలో సారాకు పోయే రూపాయిని రోజుకొకటి చొప్పున పొదుపు చేసుకోవడమే మన పొదుపు ఉద్యమానికి ఒక పెద్ద పునాది.

అక్కడ పాఠం ఎందుకు పట్టింది? చదివింది, చూసింది, చేసింది మూడూ ఒకటే అయ్యాయి కాబట్టి. మన పిల్లలకు చదివేది ఒకటి, చూసేది ఇంకొకటి అవుతోంది. పొగాకు హానికరం అని పాఠం చదువుకున్న పిల్లవాడినే కొట్టుకు పంపి బీడీ కట్ట తెప్పించే ఇళ్ళున్నాయి. వసూలుకు మనిషి వస్తే "అమ్మ ఇంట్లో లేదని చెప్పు" అని పిల్లనే గుమ్మం దగ్గరికి పంపే ఇళ్ళున్నాయి. ఒకే పొయ్యి మీద వండిన గుడ్డు కొడుకు పళ్ళెంలోకీ, పులుసు కూతురి పళ్ళెంలోకీ వెళ్ళే ఇళ్ళున్నాయి. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేస్తుందా? బడికి మనం చెప్పబోయే ప్రతి మాటా ముందు మన గుమ్మం దాటి వెళ్ళాలి.

మనకు చోటు ఉంది

"మేం వెళ్ళి చెప్తే బడిలో ఎవరు వింటారు?" అని కొందరు అక్కలు అడిగారు. వినాలి. విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన రాష్ట్ర నిబంధనల్లో ఊరి మహిళా సమాఖ్య అధ్యక్షురాలికి కూడా ఆ కమిటీలో చోటు ఇచ్చారు. చోటు ఉంది, కూర్చోవడమే తరువాయి. రిజిస్టరు ఇంటికి పంపిస్తే సంతకం పెట్టి పంపే అలవాటు మానేద్దాం. సంఘం పుస్తకంలో చదవకుండా సంతకం పెడతామా?

వెళ్ళినప్పుడు మర్యాద మరవద్దు. అయ్యవార్లు, టీచరమ్మలు మన శత్రువులు కారు. ఒక్కొక్కరి మీద ఎన్ని పనులున్నాయో చూశాం. బాగా చేసింది ముందు చెప్పి, కావలసింది తర్వాత అడుగుదాం. అయితే పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే మర్యాద పేరుతో నోరు మూసుకోవద్దు. 1098 నంబరు ప్రతి ఆడపిల్లకూ, ప్రతి మగపిల్లవాడికీ నోటికి రావాలి.

ఈ ఏడాది మన తీర్మానాలు

పాలకవర్గం మీ ముందు అయిదు పనులు పెడుతోంది. చర్చించి, మార్పులుంటే చెప్పి, చేతులెత్తి ఆమోదించమని కోరుతున్నాం.

1. ప్రతి గ్రామైక్య సంఘం నెలవారీ ఎజెండాలో "బడి" అనే అంశం ఒకటి ఉండాలి. అప్పుల తర్వాత కాదు, అప్పుల కంటే ముందు.

2. ఏ పిల్ల అయినా, పిల్లవాడైనా వారం రోజులు వరసగా బడికి రాకపోతే ఆ వీధి సంఘం లీడరు ఇంటికి వెళ్ళి చూడాలి. వలస వెళ్ళిన ఇళ్ళ పిల్లల్ని ముందు చూడాలి.

3. పిల్లల వారం సభ, ఆడా మగా తేడా లేని వంతుల పట్టిక, దొరికిన వస్తువుల పెట్టె, ఈ మూడూ పెట్టమని యాజమాన్య కమిటీలో అడగాలి. పెట్టెకు చిన్న రేకు డబ్బా చాలు, ఖర్చు గ్రామ సంఘం పెట్టుకుంటుంది.

4. నెలకో శనివారం సంఘంలోని ఒక పెద్దామె బడికి వెళ్ళి తను చేసిన పని గురించి పిల్లలకు చెప్పాలి. సారా మీద ఎలా నిలబడ్డారో, మొదటి అప్పు ఎలా తీర్చారో, సంతకం ఎలా నేర్చుకున్నారో చెప్పాలి. పిల్లలకు గొప్పవాళ్ళ కథలు కావాలి, వాళ్ళ వీధిలోని గొప్పవాళ్ళ కథలు ఇంకా ఎక్కువ కావాలి.

5. ఇంటి సూత్రం. పిల్లలతో మందు, బీడీ, గుట్కా తెప్పించం. పిల్లలతో అబద్ధం చెప్పించం. కొడుక్కీ కూతురికీ పళ్ళెంలో, పనిలో తేడా చూపం. రాత్రి అన్నం తినేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోను ఉండదు, మన చేతిలో కూడా.

వచ్చే మహాసభలో పొదుపు లెక్కతో పాటు ఈ అయిదింటి లెక్క కూడా చదువుతాం. ఏ గ్రామ సంఘం ఎన్ని చేసింది, ఎన్ని చేయలేకపోయింది, చేయలేకపోతే ఎందుకు, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాద్దాం. మనకు పుస్తకం రాయడం వచ్చు కదా.

అక్కలారా, మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మన పెద్దలు. మొక్కను వంచడం అంటే విరవడం కాదు. పక్కన ఒక కర్ర పాతి, మెత్తని గుడ్డతో కట్టి, రోజూ నీళ్ళు పోయడం. ఆ కర్ర బడి అయితే, ఆ నీళ్ళు మనం. రెండూ ఉంటేనే మొక్క నిటారుగా ఎదుగుతుంది.

ఇప్పుడు తీర్మానాలు ఒక్కొక్కటీ చదువుతాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా లేచి చెప్పండి.